మూర్ భూముల ఎంపరర్ మాత్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు వచ్చిందంటే బ్రిటన్‌లోని తెలుగు కుటుంబాలు ఒక్కసారైనా కొండల మీది ఊదా పూలు చూసి రావాలనుకుంటాయి. అలా వెళ్లినవారు కాలిబాట పక్కన వేలెడు పొడవున్న పచ్చని గొంగళిపురుగును చూసి, ఫొటో తీసి, అదేమిటో చెప్పమని పంపిస్తుంటారు. ఏప్రిల్‌లో వెళ్లినవారు అడిగేది మరొకటి: నారింజ రంగుది ఏదో కళ్ల ముందు నుంచే దూసుకుపోయింది, సీతాకోకచిలుకేనా అని. చాలాసార్లు రెండు ప్రశ్నలకూ జవాబు ఒకటే, ఎంపరర్ మాత్. రెక్కల అందం గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి, రెక్కలు రాకముందు అది గడిపే పదకొండు నెలల గురించి ఇక్కడ కాస్త ఎక్కువే రాశాను. ఆ నెలలు అర్థమైతేనే ఈ చిమ్మట అర్థమవుతుంది.

ఎంపరర్ మాత్ ఏ రకం చిమ్మట?

దీని శాస్త్రీయ నామం సాటర్నియా పవోనియా. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లినేయస్ దీన్ని శాస్త్రీయంగా వర్ణించాడు. ఇది సాటర్నిడే కుటుంబానికి చెందింది. ప్రపంచంలోని అతి పెద్ద చిమ్మటల్లో చాలా వరకు ఈ కుటుంబానివే. అట్లాస్ మాత్, మూన్ మాత్, మన దసలి పట్టును ఇచ్చే చిమ్మట అన్నీ దీని చుట్టాలే. బ్రిటన్, ఐర్లండ్ దీవుల్లో సహజంగా బతికే సాటర్నిడే జాతి మాత్రం ఇదొక్కటే.

యూరప్‌లో చాలా దేశాల్లో ఇది కనిపిస్తుంది. ఇటలీ, బాల్కన్ ప్రాంతాలకు వెళ్లేసరికి అచ్చం దీనిలాగే ఉండే సాటర్నియా పవోనియెల్లా అనే మరో జాతి ఎదురవుతుంది. చాలాకాలం ఆ రెండింటినీ ఒకే జాతిగా లెక్కించారు.

మూర్ అంటే ఎలాంటి నేల?

మన దగ్గర సరిగ్గా ఇలాంటి నేల లేదు, అందుకే కొంచెం వివరంగా చెప్పాలి. ఎత్తైన ప్రదేశంలో, గాలి ధాటిగా వీచేచోట, చెట్లు దాదాపు లేకుండా మైళ్ల కొద్దీ పరుచుకున్న పొదల మైదానం మూర్. నేల ఆమ్ల గుణం కలది. చాలాచోట్ల కింద పీట్ ఉంటుంది, అంటే నీరు నిలిచిన చోట మొక్కలు పూర్తిగా కుళ్లక, వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్న నల్లని మట్టి. దాని మీద మోకాలెత్తున హెదర్ పెరుగుతుంది. ఆగస్టులో ఊదారంగులో పూసేది అదే. దాని మధ్య బిల్బెర్రీ, బెల్ హెదర్, తడి నేలల్లో తెల్లని దూది కుచ్చులతో కాటన్ గ్రాస్ ఉంటాయి. ఇంగ్లండ్‌లో డార్ట్‌మూర్, ఎక్స్‌మూర్, నార్త్ యార్క్ మూర్స్, పెనైన్ కొండలు, ఉత్తరాన స్కాట్లాండ్ హైలాండ్స్ ఇలాంటి ప్రాంతాలే.

చూడగానే మనిషి చేయి పడని నేల అనిపిస్తుంది. నిజానికి ఈ మూర్‌లలో చాలా వాటిమీద ఒకప్పుడు అడవి ఉండేది. వేల ఏళ్ల కిందటే మనుషులు చెట్లు నరికారు, పశువులను మేపారు, నిప్పు పెట్టారు. అడవి తిరిగి లేవకుండా ఆ మేత, ఆ నిప్పు కొనసాగుతూ వచ్చాయి. కాబట్టి మూర్‌ను దాని మానాన వదిలేస్తే చాలనే మాట ఎంపరర్ మాత్ విషయంలో అంత సులువుగా చెల్లదు.

ఇది మూర్‌లలో మాత్రమే ఉంటుందా?

లేదు. పల్లపు హీత్ భూములు (మూర్ లాంటివే, కానీ తక్కువ ఎత్తులో ఉండే పొదల నేలలు), చిత్తడి నేలలు, సముద్రతీరపు ఇసుక దిబ్బలు, అడవి అంచులు, పొలాల చుట్టూ పెంచే కంచె పొదల్లోనూ ఉంటుంది. కానీ హెదర్ విస్తారంగా ఉన్నచోటే ఎక్కువ సంఖ్యలో కనిపిస్తుంది.

మగ, ఆడ చిమ్మటలను ఎలా గుర్తించాలి?

రెండింటికీ నాలుగు రెక్కల మీద నాలుగు కంటి మచ్చలు ఉంటాయి. అంత పెద్ద కంటి మచ్చలు నాలుగూ ఉన్న చిమ్మట బ్రిటన్‌లో మరొకటి లేదు కాబట్టి, మచ్చలు కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

మగది చిన్నది. రెక్కలు చాపితే ఆరు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ముందు రెక్కలు గోధుమ, బూడిద, తెలుపు, లేత గులాబీ కలిసిన రంగులో ఉంటాయి. వెనుక రెక్కలు మాత్రం ముదురు నారింజ రంగువి. ఎగిరేటప్పుడు మన కంటికి తగిలేది ఆ నారింజే. ఆడది దానికంటే పెద్దది, ఎనిమిది సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒళ్లంతా లేత బూడిద రంగు, అడ్డంగా తెల్లని, ముదురు బూడిద చారలు. ఎండిన హెదర్ కొమ్మ మీద కూర్చుంటే అడుగు దూరంలో ఉన్నా కనిపించదు.

ఒక్క కంటి మచ్చను దగ్గరగా చూడండి. నడుమ నల్లని పాప, చుట్టూ లేత పసుపు వలయం, పాపకు ఒక పక్కగా సన్నని తెల్లటి వంపు, బయట మరో ముదురు వలయం. ఆ తెల్లటి వంపు వల్లే మచ్చకు నిజమైన కంటిలోని తడి మెరుపు వస్తుంది. అదంతా రంగు పొలుసుల పేర్పు.

మరో స్పష్టమైన తేడా మీసాల్లో ఉంది. పాఠ్యపుస్తకాల్లో స్పర్శశృంగాలు అంటామే, అవి. ఆడదానివి సన్నగా ఉంటాయి. మగదానివి రెండు వైపులా పళ్లు తేలి, వెడల్పుగా విచ్చుకుని ఉంటాయి.

రెక్కల మీద కళ్లు ఎందుకు?

పక్షులను బెదరగొట్టడానికి. రెక్కలు సగం మూసుకుని కూర్చున్న చిమ్మటను పక్షి పొడవబోతే, అది ముందు రెక్కలను చటుక్కున పైకి జరుపుతుంది. దాక్కున్న వెనుక కళ్లు బయటపడతాయి. హఠాత్తుగా నాలుగు కళ్లు ఎదురుగా తెరుచుకుంటే పక్షి ఒక్క క్షణం వెనక్కి తగ్గుతుంది. తప్పించుకోవడానికి ఆ ఒక్క క్షణం చాలు.

చిమ్మట అంటే రాత్రిపూట దీపం చుట్టూ తిరిగేది కదా, ఇది పగలు ఎందుకు ఎగురుతుంది?

పగలు ఎగిరేది మగది మాత్రమే. మార్చి చివరి నుంచి మే వరకు, చల్లని ఉత్తరాదిలో జూన్ మొదటి రోజుల వరకు, ఎండ కాసిన మధ్యాహ్నాల్లో అది తిరుగుతుంది. ఆ నెలల్లో మూర్ మీద రాత్రులు గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంటాయి. ఎగరడానికి కావలసిన వేడి పగటి ఎండలో సులువుగా దొరుకుతుంది. మబ్బు పట్టి, గాలి చల్లబడితే మగ చిమ్మటలు కూడా పొదల్లో కూర్చుండిపోతాయి.

ఆడది పగలంతా హెదర్ కొమ్మల మీద కదలకుండా ఉంటుంది. చీకటి పడే వేళకు లేచి గుడ్లు పెట్టడానికి బయలుదేరుతుంది. అప్పుడప్పుడు దీపాలకు వచ్చేదీ ఆడదే.

అంత పెద్ద మూర్‌లో మగది ఆడదాన్ని ఎలా కనుక్కుంటుంది?

వాసనతో. గూటి నుంచి బయటపడిన ఆడది హెదర్ కొమ్మ పైకి ఎక్కి, రెక్కలు సాగదీసి ఆరబెట్టుకుంటుంది. మధ్యాహ్నానికి పొట్ట చివర ఉన్న గ్రంథిని బయటికి చాచి ఫెరోమోన్ అనే రసాయనాన్ని గాలిలోకి వదులుతుంది. మన ముక్కుకు అది అసలు తెలియదు. మగదాని మీసాల్లోని ప్రతి పంటి మీదా కంటికి కనిపించనంత సన్నని వెంట్రుకలున్నాయి. ఆ వెంట్రుకల్లోని సూక్ష్మ రంధ్రాల గుండా ఫెరోమోన్ అణువులు లోపలికి వెళ్లి నాడికి సంకేతమిస్తాయి. వాసన తగిలిన వెంటనే మగది గాలికి ఎదురుగా తిరుగుతుంది. వాసన తీగ తెగిపోతే అటూ ఇటూ అడ్డంగా ఎగిరి మళ్లీ అందుకుంటుంది. మూర్ మీద వంకరటింకరగా దూసుకుపోయే మగ చిమ్మటను చూసి దారి తప్పినట్టుంది అనుకుంటాం. అది చాలా కచ్చితంగా దారి వెతుక్కుంటోంది.

ఈ విషయం మీద ఫ్రాన్స్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త జాన్ ఆన్రీ ఫాబ్రే (1823–1915) తన ఇంట్లోనే ప్రయోగాలు చేశాడు. ఎంపరర్ మాత్‌కు పెద్దక్క లాంటి గ్రేట్ పీకాక్ మాత్ ఆడది ఒకటి ఆయన గదిలో గూటి నుంచి బయటికి వచ్చింది. దాన్ని జాలీ మూత కింద ఉంచాడు. ఆ రాత్రి ఎక్కడెక్కడి నుంచో మగ చిమ్మటలు కిటికీల గుండా ఇంట్లోకి వచ్చిపడ్డాయి. ఆడదాన్ని గాలి చొరని పెట్టెలో మూసిపెడితే ఒక్కటీ రాలేదు. ఎంపరర్ మాత్‌తోనూ ఆయన ఇలాంటి పరీక్షలే చేశాడు. దాని మగవి రాత్రి కాకుండా మిట్టమధ్యాహ్నం వచ్చాయి.

ఇలాంటి రసాయనాన్ని తొలిసారి విడదీసి నిర్మాణం తేల్చింది మల్బరీ పట్టుపురుగులో. 1959లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ బ్యూటెనాంట్ బృందం సుమారు ఐదు లక్షల ఆడ పట్టు చిమ్మటల నుంచి కొన్ని మిల్లీగ్రాముల పదార్థాన్ని మాత్రమే రాబట్టగలిగింది. దానికి బాంబికాల్ అని పేరు పెట్టారు. ఎంపరర్ మాత్ ఫెరోమోన్‌ను కూడా ఇప్పుడు ప్రయోగశాలలో తయారుచేస్తున్నారు. చిన్న రబ్బరు బిళ్లలో నింపి, సర్వేలు చేసేవారికి ఎరగా అమ్ముతున్నారు.

ఆ ఎరను కొనుక్కునేవారికి నా మనవి ఒకటుంది. మగవి వచ్చాయని తేలగానే దాన్ని డబ్బాలో పెట్టి మూసేయండి. వాటికి ఉన్నవే కొద్ది రోజులు. లేని ఆడదాని కోసం వాటి మధ్యాహ్నాలు పాడుచేయడం న్యాయం కాదు.

రెక్కలొచ్చిన చిమ్మట ఏమి తింటుంది?

ఏమీ తినదు. దానికి పనిచేసే నోరు లేదు. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఒంట్లో దాచుకున్న కొవ్వు ఖర్చయ్యే దాకా బతుకుతుంది, అంటే మహా అయితే రెండు, మూడు వారాలు. ఎగరడానికి, జతకట్టడానికి, గుడ్లకు అవసరమైన శక్తి అంతా అంతకుముందు వేసవిలో తిన్న ఆకుల నుంచే రావాలి. పువ్వులు నాటితే ఎంపరర్ మాత్ వస్తుందా అని అడిగేవారికి ఇదే జవాబు. మకరందం దానికి అక్కర్లేదు, గొంగళిపురుగుకు ఆకు కావాలి.

గుడ్లు ఎక్కడ పెడుతుంది?

హెదర్ కాండం చుట్టూ, లేదా మరేదైనా మేత మొక్క కాండం చుట్టూ, ఒకదానిపక్కన ఒకటి ఒత్తుగా అంటించి పట్టీలా పెడుతుంది. బరువైన పొట్టతో ఎక్కువ దూరం ఎగరలేదు కాబట్టి మొదటి గుడ్ల పట్టీ తాను పుట్టిన చోటికి దగ్గర్లోనే ఉండవచ్చు. కొంత బరువు దిగాక ముందుకు సాగుతుంది. వాతావరణం అనుకూలిస్తే రెండు, మూడు వారాల్లో గుడ్లు పగులుతాయి.

గొంగళిపురుగు ఎలా ఉంటుంది? నేను చూసిన నల్లదీ, పచ్చదీ ఒకటేనా?

రెండూ ఒకటే అయ్యే అవకాశం ఎక్కువ. ఎంతో మంది వీటిని రెండు జాతులనుకుంటారు.

గుడ్డు నుంచి వచ్చినప్పుడు అది చిన్న నల్లని నలుసు, ఒంటి నిండా వెంట్రుకలు. తోబుట్టువులన్నీ ఒకే కొమ్మ మీద గుంపుగా తింటాయి. పెరిగే కొద్దీ పాత చర్మం బిగుతై, దాన్ని విడిచి కొత్త చర్మంతో బయటికి వస్తాయి. ఇలా నాలుగుసార్లు కుబుసం విడుస్తాయి. మొదట పూర్తి నలుపు, తర్వాత నలుపు మీద నారింజ చుక్కలు, ఆపైన కొంచెం కొంచెంగా పచ్చదనం. గుంపు కూడా క్రమంగా విడిపోయి ఒక్కొక్కటీ తన పొద చూసుకుంటుంది.

చివరి దశలో ఆరు సెంటీమీటర్ల పొడవు, చిటికెన వేలి లావు. నిగనిగలాడే ఆకుపచ్చ ఒళ్లు, ప్రతి కణుపు మీదా ఒక నల్లని పట్టీ. ఆ పట్టీ మీద వరుసగా బుడిపెలు, ఒక్కో బుడిపె నుంచి నాలుగు వైపులకూ పొట్టి నల్లని ముళ్లు. బుడిపెల రంగు ఒక్కోదానిలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిటికి పసుపు, కొన్నిటికి నారింజ, కొన్నిటికి హెదర్ పువ్వును పోలిన గులాబీ. అరచేతిలో పెట్టుకుని చూస్తే ఇంత ఆడంబరంగా ఉన్న పురుగు పక్షుల నుంచి ఎలా తప్పించుకుంటుందా అనిపిస్తుంది. పొదలోకి తిరిగి ఎక్కగానే జవాబు దొరుకుతుంది. హెదర్ పొదలో పచ్చని చిగుళ్లు, నల్లని నీడలు, గులాబీ మొగ్గలు కలగలిసి ఉంటాయి. పురుగు ఒంటి మీద ఉన్నవీ అవే మూడు రంగులు. రెండడుగులు వెనక్కి వేసి చూస్తే అది ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాల్సిందే.

మే చివరి నుంచి ఆగస్టు వరకు ఇవి కనిపిస్తాయి. హెదర్‌తో పాటు బిల్బెర్రీ, బ్లాక్‌బెర్రీ ముళ్లపొదలు, మెడోస్వీట్, హాథార్న్, బ్లాక్‌థార్న్, బిర్చ్, విల్లో ఆకులనూ తింటాయి. పంటలకు దీనివల్ల నష్టం లేదు.

ముట్టుకుంటే దురద వస్తుందా? పిల్లలకు ప్రమాదమా?

మన ఊళ్లలో మునగచెట్టు గొంగళిపురుగును ముట్టుకుని బాధపడినవారు ఈ ప్రశ్న అడగడం సహజం. ఎంపరర్ మాత్ గొంగళిపురుగు కరవదు, కుట్టదు. బాగా కలవరపెడితే బుడిపెల నుంచి రక్షణ కోసం కొంచెం ద్రవాన్ని వదులుతుంది, అది చీమల వంటి శత్రువుల కోసం. అయినా సున్నితమైన చర్మం ఉన్నవారికి ఏ వెంట్రుకల పురుగుతోనైనా దురద రావచ్చు. పిల్లలను కళ్లతో చూడనివ్వండి, చేతితో పట్టుకోవద్దని చెప్పండి.

అదే మూర్‌లో కనిపించే ఫాక్స్ మాత్ గొంగళిపురుగు గోధుమ రంగులో, ఒత్తైన వెంట్రుకలతో ఉంటుంది. దాని వెంట్రుకలు కొందరికి నిజంగానే దద్దుర్లు తెస్తాయి. దాన్ని అసలు ముట్టుకోవద్దు.

గూడు ఎలా కడుతుంది?

ఈ చిమ్మట జీవితంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది గూడే.

ఆగస్టులో తినడం ఆపిన గొంగళిపురుగు పొద అడుగు భాగానికి, హెదర్ కాండాల మధ్యకు దిగుతుంది. నోటి దగ్గరి గ్రంథి నుంచి పట్టుదారం తీసి, కొమ్మలకు అంటించి, తన చుట్టూ అల్లుకుంటుంది. తయారైన గూడు లేత గోధుమ రంగులో, గట్టి కాగితంలా గరుకుగా, ఒకవైపు గుండ్రంగా, మరోవైపు సన్నని మెడతో ఉంటుంది. మెడ చివర దాన్ని పూర్తిగా మూసేయదు. అక్కడ బిరుసైన పట్టు పోచలను వలయంగా పేర్చి, వాటి కొనలన్నీ బయటివైపు ఒకచోట కలిసేలా అమరుస్తుంది. వాగులో చేపల కోసం పెట్టే వెదురు మావు నోటిని గుర్తుచేసుకోండి. అందులో చేప లోపలికి పోగలదు, బయటికి రాలేదు. ఈ గూడు నోరు దానికి తలకిందులు. లోపలి నుంచి తోస్తే పోచలు విచ్చుకుంటాయి, బయటి నుంచి తోస్తే మరింత బిగుసుకుంటాయి. కాబట్టి చీమలు, పురుగులు చొరబడలేవు. వసంతంలో చిమ్మట తల ఆనించి మెల్లగా తోసుకుంటూ బయటపడుతుంది. అది వెళ్లిపోయాక పోచలు మళ్లీ దగ్గరికి చేరతాయి. ఖాళీ గూడు కూడా నిండు గూడులాగే చెక్కుచెదరకుండా కనిపిస్తుంది.

ఇక్కడ మన దసలి పట్టుతో పోల్చి చూడటం బాగుంటుంది. దసలి పురుగు గూటిని అన్ని వైపులా గట్టిగా మూసేస్తుంది. బయటికి రావాల్సిన సమయానికి చిమ్మట కొకూనేజ్ అనే ఎంజైమును ఊరించి, పట్టుదారాలను అంటిపెట్టిన జిగురును కరిగించి దారి చేసుకుంటుంది. బయటపడే సమస్య ఒకటే. ఒక చుట్టం రసాయనంతో పరిష్కరించుకుంటే, మరో చుట్టం తలుపును ముందే కట్టిపెట్టుకుంటుంది. ఆముదం ఆకు తిని పెరిగే ఎరి పట్టుపురుగు కూడా ఇదే కుటుంబానిది. దాని గూటికీ ఒక కొన తెరిచే ఉంటుంది. అందుకే ఎరి పట్టును ఒకే పోగుగా తీయరు, దూదిలా వడుకుతారు.

ఎంపరర్ మాత్ గూళ్ల నుంచి పట్టుబట్ట నేస్తారా?

నేయరు. గూడు చిన్నది, గరుకు, పైగా ఒకవైపు తెరిచి ఉంటుంది. వ్యాపారానికి పనికిరాదు.

చలికాలం ఎలా గడుపుతుంది?

గూటిలో ప్యూపాగా, అంటే గొంగళిపురుగు చిమ్మటగా మారే మధ్య దశలో. ఆగస్టు, సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకు, దాదాపు ఎనిమిది నెలలు. మంచు కురిసినా, పొదంతా గడ్డకట్టినా లోపల జీవక్రియలు అతి నెమ్మదిగా సాగుతుంటాయి. ఈ చలి దానికి అవసరం కూడా. నెలల తరబడి చలి తగిలాకే, ఎండ పెరిగినప్పుడు లోపలి మార్పులు ముందుకు కదులుతాయి. కొన్ని ప్యూపాలు మొదటి వసంతంలో బయటికి రావు. మరో ఏడాదంతా గూటిలోనే ఉండి రెండో చలికాలం దాటాక వస్తాయి. ఒక వసంతం వానలతో, చలిగాలులతో పాడైతే ఆ ఏటి చిమ్మటలు జతకట్టలేకపోవచ్చు. వెనక ఉండిపోయినవి అప్పుడు వంశాన్ని నిలబెడతాయి.

దీని శత్రువులు ఎవరు?

మెర్లిన్ అనే చిన్న డేగ మూర్ మీద ఎగిరే చిమ్మటలను గాలిలోనే పట్టుకుంటుంది. అది కూర్చునే రాళ్ల దగ్గర కళ్లున్న రెక్కలు రాలి పడి ఉంటాయి. కోకిల కుటుంబపు కుక్కూ పక్షి గొంగళిపురుగులను తింటుంది. మిగతా పక్షులు వదిలేసే వెంట్రుకల పురుగులు కూడా దానికి ఇష్టమే. వీటికంటే నిశ్శబ్దంగా పనిచేసేవి ఇక్న్యూమన్ కందిరీగలు, టాకినిడ్ ఈగలు. వీటి పిల్లలు బతికున్న గొంగళిపురుగు లోపలే పెరుగుతాయి. పురుగు మామూలుగా తింటున్నట్టే ఉంటుంది, గూడు కూడా కట్టవచ్చు. వసంతంలో ఆ గూటి నుంచి చిమ్మటకు బదులు కందిరీగ బయటికి వస్తుంది.

వేరే జాతులతో పొరబడే అవకాశం ఉందా?

ఎగురుతున్న మగదాన్ని స్మాల్ టార్టాయిస్‌షెల్ సీతాకోకచిలుక అనుకోవడం మామూలే. సీతాకోకచిలుక మధ్యమధ్యలో పువ్వు మీద వాలుతుంది. ఎంపరర్ మగది పువ్వు వైపు కన్నెత్తి చూడదు. మే, జూన్‌లలో పగలు ఎగిరే మగ ఫాక్స్ మాత్ ఎర్రని గోధుమ రంగులో ఉంటుంది, కంటి మచ్చలు ఉండవు. వేసవిలో పగలు తిరిగే నార్తర్న్ ఎగర్ కూడా గోధుమ రంగుదే, దానికి ఒక్కో ముందు రెక్క మీద ఒక చిన్న తెల్లని చుక్క మాత్రమే.

మూర్ మీద హెదర్‌ను కాలుస్తారని విన్నాను. ఈ చిమ్మటకు హాని కాదా?

హాని ఉంది. ఎంతన్నది ఎలా కాలుస్తారన్న దాని మీద ఆధారపడుతుంది.

రెడ్ గ్రౌస్ అనే వేట పక్షి లేత హెదర్ చిగుళ్లను తింటుంది. ఆ చిగుళ్ల కోసం ముదిరిన హెదర్‌ను ముక్కలు ముక్కలుగా కాల్చడం చాలా మూర్‌లలో వాడుక. ఇంగ్లండ్‌లోని ఎత్తు ప్రాంతాల్లో కాల్చడానికి అనుమతించే కాలం అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 15 వరకు. లోతైన పీట్ నేలల మీద అదనపు ఆంక్షలున్నాయి. ఆ తేదీలు నేల మీద గూడు కట్టే పక్షులకు అనువుగా ఉన్నాయి. కానీ ఎంపరర్ మాత్ సరిగ్గా అవే నెలల్లో పొద అడుగున గూటిలో ఉంటుంది. లేచి పోలేదు, పక్కకు జరగలేదు. నిప్పు పారిన ముక్కలో ఉన్న గూళ్లు ఆ ముక్కతోనే పోతాయి.

అలాగని కాల్చడం ఆపేస్తే అంతా బాగుపడుతుందనీ చెప్పలేను. హెదర్ ముదిరి, నడుమ పలచబడి వాలిపోతుంది. చోటు దొరికితే చెట్లు మొలుస్తాయి. గొంగళిపురుగులకు లేత చిగుళ్లూ కావాలి, గూటికి దట్టమైన పొద అడుగూ కావాలి. రెండూ పక్కపక్కనే ఉండే మూర్ వాటికి మేలు. చిన్న చిన్న ముక్కలుగా, ఏళ్ల వ్యవధిలో, పక్కన పెద్ద పొదలను వదిలి కాల్చడం లేదా కోయడం ఒక పద్ధతి. కొండవాలు మొత్తాన్ని ఒకేసారి నల్లగా మార్చడం మరో పద్ధతి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదని నా అభిప్రాయం.

నిప్పు కంటే శాశ్వతమైన నష్టాలు వేరే ఉన్నాయి. 1919లో ఫారెస్ట్రీ కమిషన్ ఏర్పడ్డాక కలప కోసం ఎన్నో మూర్‌లలో శంఖాకార వృక్షాలను బారులుగా నాటారు. ఆ నీడలో హెదర్ బతకదు. గొర్రెల మంద మోతాదు మించినచోట హెదర్ పోయి గడ్డి మిగులుతుంది.

వీటి సంఖ్య తగ్గుతోందా?

బ్రిటన్‌లో దీపపు బోనుల్లో చిక్కే పెద్ద చిమ్మటల మొత్తం సంఖ్య 1968 నుంచి 2017 మధ్య 33 శాతం తగ్గింది. అది అన్ని జాతులకూ కలిపిన లెక్క. ఎంపరర్ మగవి పగలు ఎగురుతాయి, దీపానికి రావు కాబట్టి, ఆ బోనులు ఈ జాతి పరిస్థితిని సరిగ్గా పట్టలేవు. ఫెరోమోన్ ఎరలు వచ్చాక మాత్రం, ఇక్కడ లేదనుకున్న చాలా చోట్ల ఉన్నట్టు తేలింది.

భారతదేశంలో ఉంటుందా?

సాటర్నియా పవోనియా లేదు. హిమాలయాల్లో, ఈశాన్య రాష్ట్రాల్లో దీని ప్రజాతికి చెందిన దగ్గరి జాతులున్నాయి. తెలుగు నేలలో దీని చుట్టాన్ని చూడాలనుకుంటే తెలంగాణలోని మహాదేవపూర్, చెన్నూరు వైపు అడవులకు వెళ్లాలి. అక్కడ నల్ల మద్ది, ఏరు మద్ది చెట్ల మీద దసలి పురుగులను పెంచుతారు. పచ్చగా, లావుగా, కణుపు కణుపుకూ బుడిపెలతో ఉన్న ఆ పురుగును చూసినవారికి ఎంపరర్ గొంగళిపురుగు కొత్తగా అనిపించదు. దసలి చిమ్మట రెక్కల మీదా నాలుగు కంటి మచ్చలు ఉంటాయి, దానికీ తినే నోరు లేదు.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి?

చిమ్మట కోసమైతే ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య వరకు, ఎండ కాసే రోజు, పదకొండు గంటల నుంచి నాలుగు గంటల మధ్య వెళ్లండి. హెదర్ విస్తారంగా కనిపించే ఎత్తైన చోట నిలబడి, నేలకు మీటరు ఎత్తులో చూపు ఆనించి ఉంచండి. నడుస్తూ వెతికితే దొరకదు. మగది వంకర్లు తిరగడం మాని ఒక పొద చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతుంటే, అక్కడ ఆడది ఉన్నట్టే. మెల్లగా దగ్గరికి వెళ్లండి.

గొంగళిపురుగుల కోసం జులై చివర, ఆగస్టు. పొదల పైభాగాన చిగుళ్లు కొరికేసి ఉన్న కొమ్మలను చూడండి. కాలిబాట మీద గాడులు పడ్డ ముదురు రంగు రెట్టలు కనిపిస్తే పక్క పొదలో వెతకండి.

ప్యాంటు చివర్లను మేజోళ్లలోకి దోపుకోండి. మూర్‌లో లైమ్ వ్యాధిని తెచ్చే పిడుదులు ఉంటాయి, ఇంటికి రాగానే ఒళ్లు చూసుకోవాలి. మీతో కుక్క ఉంటే, ఇంగ్లండ్‌లో అందరికీ తెరిచిన మూర్‌లలో మార్చి 1 నుంచి జులై 31 వరకు దాన్ని పొట్టి తాడుతోనే నడిపించాలని చట్టం చెబుతోంది.

గూడు దొరికితే ఇంటికి తెచ్చి పెంచవచ్చా?

తేవద్దు. వెచ్చని గదిలో పెడితే జనవరిలోనే చిమ్మట బయటికి వచ్చేస్తుంది. బయట మంచు, జత దొరకదు, మేత మొక్క చిగురించి ఉండదు. ఒక్క ప్రాణం వృథా. పిల్లలకు జీవితచక్రం చూపించాలని గట్టిగా ఉంటే, పెంపకందారుల దగ్గర దొరికే గుడ్లతో వేసవిలో మొదలుపెట్టండి. బ్లాక్‌బెర్రీ ఆకులు వేస్తే చాలు. గూళ్లు కట్టాక వాటిని చలికాలమంతా ఆరుబయట, వాన తగలని చోట, ఎలుకలకు అందకుండా ఉంచాలి. ఆ గుడ్లను గానీ గూళ్లను గానీ భారతదేశానికి మాత్రం తీసుకెళ్లవద్దు.

చూసినట్టు ఎవరికైనా తెలియజేయాలా?

తెలియజేస్తే చాలా మేలు. 1968లో ఏర్పడిన బటర్‌ఫ్లై కన్సర్వేషన్ సంస్థ చిమ్మటల సమాచారాన్ని కూడా సేకరిస్తుంది. ప్రతి కౌంటీకీ చిమ్మటల నమోదు చూసే స్వచ్ఛంద నిపుణులున్నారు. జీవుల వివరాలు నమోదు చేసే ఐరికార్డ్ అనే వెబ్‌సైట్ ద్వారా కూడా పంపవచ్చు. తేదీ, స్థలం, చూసింది చిమ్మటనా, గుడ్లనా, గొంగళిపురుగునా, గూడునా అన్నది రాయండి, ఫొటో జతచేయండి. గొంగళిపురుగు అయితే ఏ మొక్కను తింటోందో కూడా రాయండి. మగ చిమ్మట ఎక్కడి నుంచైనా ఎగిరి వచ్చి ఉండవచ్చు. ఆకు తింటున్న గొంగళిపురుగు మాత్రం ఆ నేల మీద ఈ జాతి పుట్టి పెరుగుతోందనడానికి సాక్ష్యం, కాబట్టి అలాంటి నమోదుకు విలువ ఎక్కువ.